లాగ్‌బుక్కుల సంతకం కాదు, చెవిన పడే మాట కావాలె

మెడికల్ కాలేజీ పిల్లల లాగ్‌బుక్ ఎప్పుడన్న తెరిచి చూసిండ్రా? 2019 నుంచి దేశమంతా వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పద్ధతిల ఆ పుస్తకానికి చానా విలువ. విద్యార్థి ఏ పని నేర్సుకున్నడు, ఏ తారీఖు నాడు చేసిండు, మొదటిసారి చేసిండా మళ్లోసారి చేసిండా, అనుకున్నంత చేసిండా తక్కువ చేసిండా అని అన్నిటికీ గడులున్నయ్. సారు సంతకానికి ఒక గడి. ఇగ ఆఖరున ఇంకో గడి ఉంటది. 'ఫీడ్‌బ్యాక్ అందింది' అని విద్యార్థి పొట్టి సంతకం పెట్టాలె. అందిందని సంతకం ఉంది. అందింది ఏందో రాసే గడి మాత్రం ఆ పట్టికల లేదు.

నా పంచాయితీ అంతా ఆ లేని గడి గురించే.

నేను నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. మెడికల్ కాలేజీ మనిషిని కాదు. కాని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వార్డులల్ల తెల్లకోటు పిల్లలైనా, నర్సింగ్ యూనిఫాం పిల్లలైనా నేర్సుకునేది ఒకే మంచం కాడ, ఒకే రోగి చేతి మీద. వాళ్లకు ఎవరు, ఎప్పుడు, ఎట్ల చెప్తున్నరు అన్న ముచ్చట రేపు మన అమ్మకు సూది ఏసే చెయ్యి గురించిన ముచ్చట. అందుకే ఇది కాలేజీ గోడల లోపటి సంగతి అనుకోవద్దు.

కాలేజీలు వచ్చినయ్, చెప్పే తీరిక రాలే

తెలంగాణ వచ్చిన నాటికి మన రాష్ట్రంల ఉన్న సర్కారు మెడికల్ కాలేజీలు అయిదు. ఉస్మానియా, గాంధీ, కాకతీయ, ఆదిలాబాద్, నిజామాబాద్. ఇయ్యాల జిల్లాకొక కాలేజీ అన్నంత దూరం వచ్చినం. సూర్యాపేట కాలేజీ 2019ల 150 సీట్లతోటి మొదలైంది. నల్లగొండది సుట అదే ఏడు. అంతకుముందు ఈ దిక్కు పిల్లలు సర్కారు కాలేజీల డాక్టరు చదువాలంటె హైదరాబాదో వరంగలో పోవాలె. ఇయ్యాల జాతీయ రహదారి మీద బస్సు దిగితె కాలేజీ ఉంది. ఇది చిన్న సంగతి కాదు.

ఇంకో సంగతి గమనించాలె. సూర్యాపేట కాలేజీ మొదటి బ్యాచ్, దేశంల కొత్త పద్ధతి మొదటి బ్యాచ్ రెండూ ఒకటే. 2019 ఆగస్టుల చేరిన పిల్లలు వాళ్లు. పాత పద్ధతిల పుస్తకం చదివి పరీక్ష రాస్తె నడిచేది. కొత్త పద్ధతి ఏం చెప్తదంటె, ఏం తెలుసు అన్నది కాదు, ఏం చేయగలడు అన్నది చూడాలె. ఏడాది పొడుగూత చూసుకుంట, చెప్పుకుంట, దిద్దుకుంట పోవాలె. అంటె ఈ పద్ధతి మొత్తం నిలబడ్డది ఫీడ్‌బ్యాక్ అనే ఒక్క గుంజ మీద. ఆ పిల్లలు చేరిన ఏడెనిమిది నెలలకే కరోనా లాక్‌డౌన్ పడ్డది. పాఠాలు ఫోన్ల మీదికి వచ్చినయ్. ఫోను బడి అయితదని అప్పుడే అందరం చూసినం.

ఇగ చెప్పేటోళ్ల సంగతి. అధ్యాపకుల కొరత మీద జాతీయ వైద్య కమిషన్ 2025ల తెలంగాణల చానా సర్కారు కాలేజీలకు నోటీసులు ఇచ్చింది. అదే ఏడాది మే 1 నుంచి సార్లకు ముఖం చూపించే హాజరు పెట్టింది. పిల్లలకు థియరీల 75 శాతం, ప్రాక్టికల్‌ల 80 శాతం హాజరు ఉండాలని రూలు ముందు నుంచే ఉంది. అంటె సారు వచ్చిండా అన్నది లెక్కల ఉంది. పిల్లగాడు వచ్చిండా అన్నది లెక్కల ఉంది. ఇద్దరూ వచ్చినంక ఒకరికొకరు ఏం మాట్లాడుకున్నరు అన్నది ఏ లెక్కల లేదు.

తేమ మిషన్ చెప్పినంత సుట చెప్తలేం

ఫీడ్‌బ్యాక్ అంటె ఏందో మా మిర్యాలగూడ దిక్కు రైతుకు ఒకరు చెప్పే పని లేదు. వడ్లు సెంటరుకు తెస్తడు. తేమ చూసే మిషన్‌ల పిరికెడు గింజలు పోస్తరు. 'తేమ 19 ఉంది. 17 దాటొద్దు. ఇంకో రోజు ఆరబోసి తీస్కరా' అంటరు. గంతే. ఎక్కడ ఉన్నవ్, ఎక్కడికి రావాలె, వచ్చేతందుకు ఏం చేయాలె. మూడు ముక్కల మొత్తం వచ్చేసింది. రైతుకు కోపం రావచ్చు, మబ్బు చూసి భయం కావచ్చు. కాని ఏం చేయాలె అన్న దాంట్ల మాత్రం సందేహం ఉండదు.

జాన్ హాటీ, హెలెన్ టింపర్లీ అనే ఇద్దరు పండితులు 2007ల ఫీడ్‌బ్యాక్ శక్తి గురించి ఒక పెద్ద వ్యాసం రాసిండ్రు. ప్రపంచంల టీచర్ ట్రైనింగ్ చేసే ప్రతి ఒక్కరూ చదివే వ్యాసం అది. దాని సారం సుట ఈ మూడు ప్రశ్నలే. ఎటు పోతున్న, ఎట్ల పోతున్న, ఇగ తర్వాత అడుగు ఏంది. వైద్య విద్యల అయితె అంతకన్న ముందే, 1983ల, జాక్ ఎండీ అనే అమెరికా డాక్టరు ఈ ముచ్చట మొదలుపెట్టిండు. ఫీడ్‌బ్యాక్ లేకపోతె తప్పు తప్పుగనే ఉండిపోతది, మంచి పని ఎందుకు మంచిదో తెల్వకుంటనే పోతది అని ఆయన వాదన.

మన వార్డులల్ల ఏమైతాంది? రెండే రకాల మాటలు వినపడుతయ్. ఒకటి 'గుడ్'. రెండోది తిట్టు. 'గుడ్' అంటె ఏది మంచిగ చేసిండో తెల్వది. తిట్టు అంటె రోగి ముంగట, రోగి చుట్టాల ముంగట, తోటి పిల్లల ముంగట పడేది. పెద్దగట్టు జాతరల తప్పిపోయిన పిల్లగాని పేరు మైకుల పిలిచినట్టు, నీ తప్పు పది మందికి వినపడుతది. మైకుల పిలుసుడు వేరు, చెవుల చెప్పుడు వేరు. పది మంది ముంగట తిట్టు తిన్న పిల్లకు ఆ పూట గుర్తుండేది సిగ్గు. చెయ్యి ఎక్కడ తప్పిందో గుర్తుండదు. మరునాడు ఆ సారు రౌండుకు వస్తుండంటె వెనుక వరుసల నిలబడ్తది. వెనుక నిలబడ్డ పిల్లకు పని రాదు. చదువు మీద మనసు విరుగుడు ఇట్లనే మొదలైతది.

నేను సార్లను తప్పు పడ్తలేను. ఓపీల నూరు మంది లైన్ల ఉన్నప్పుడు ఒక్కొక్క పిల్లను పక్కకు పిలిచి నిమ్మళంగ చెప్పే తీరిక ఏ డాక్టరుకు ఉంటది? లాగ్‌బుక్కుల రాయమంటె రెండు మాటలు రాస్తరు. 'హిస్టరీ ఇంకా మంచిగ తీయాలె.' ఏ ప్రశ్న అడగలే, ఎందుకు అడగాలె అన్నది ఆ రెండు మాటలల్ల ఇమడదు.

రెండు నిమిషాల మాట

నేను చెప్పదలుచుకున్నది చిన్న ఉపాయం. రాసే తీరిక లేనప్పుడు మాట్లాడి రికార్డు చేయాలె. వాట్సాప్‌ల గొంతు పంపే బటన్ 2013ల వచ్చింది. అప్పటి నుంచి కూరగాయల బ్యారం కాడికెళ్లి పెండ్లి పిలుపు దాక మనం మాట్లాడి పంపుతనే ఉన్నం. దుబాయిల ఉన్న కొడుకుకు చదువు రాని తల్లి గంట సేపు రాయలేని ముచ్చట ఒక్క నిమిషంల చెప్తది. ఆ తల్లికి వచ్చిన ఉపాయం మన కాలేజీలకు ఎందుకు రావొద్దు?

అది ఎట్ల ఉంటదో ఒక నమూనా చెప్తా. ఒక పిల్ల వార్డుల ఒక పెద్దమనిషికి బీపీ చూసింది. సిస్టర్ పక్కన నిలబడి చూసింది. డ్యూటీ అయినంక సిస్టర్ ఇట్ల మాట్లాడి పంపుతది:

'బిడ్డా, పొద్దున నువ్వు బీపీ చూసుడు నేను చూసిన. తాతను పేరు పెట్టి పలకరిచ్చినవ్, ఏం చేస్తున్నవో ముందే చెప్పినవ్. గది మంచిగ చేసినవ్, ఇడిసిపెట్టకు. ఇగ రెండు సంగతులు. తాత మెట్లెక్కి వచ్చిండు, వచ్చిన వెంటనే పట్టీ కట్టినవ్. అయిదు నిమిషాలు కూసోనియ్యాలె. రెండోది, పట్టీల గాలి దిగుతుంటె నువ్వు ఊరి ముచ్చట అడిగినవ్, ఆయన చెప్తనే ఉన్నడు. మాట్లాడితె బీపీ ఎక్కువ చూపిస్తది. లేని బీపీకి గోలి పడే ప్రమాదం ఉంటది. రేపు ముగ్గురికి చూడు. చెయ్యి గుండె ఎత్తున పెట్టి, మాట లేకుంట చూడు. ఎంతెంత వచ్చిందో నాకు మల్ల గొంతుల చెప్పు.'

ఇది చదువనీకి అర నిమిషం, చెప్పనీకి నిమిషం. దీంట్ల తేమ మిషన్ మూడు ముక్కలూ ఉన్నయ్. మీదికెళ్లి ఇంకొకటి ఉంది. ఎందుకు అన్నది ఉంది. 'లేని బీపీకి గోలి పడుతది' అన్న ఒక్క మాట ఆ పిల్లను పట్టీ కట్టే మనిషి కాడికెళ్లి ఆలోచన చేసే మనిషిని చేస్తది. ఆఖరుకు మళ్ల చెప్పమన్నది ఉంది. ఆ చివరి ముక్కనే అన్నిటికన్న ముఖ్యం. విని ఊకుంటె అది రేడియో. విని, చేసి, మళ్ల జవాబు ఇస్తె అది చదువు.

లెక్క సుట చూద్దాం. 150 మంది పిల్లలకు తలా రెండు నిమిషాలు అంటె 300 నిమిషాలు, అయిదు గంటలు. పది మంది సార్లు పంచుకుంటె ఒక్కొక్కరికి అర గంట. ఏడాదికి నాలుగు సార్లు చేస్తె ఒక్కొక్క సారుకు రెండు గంటలు. అదే రెండు నిమిషాల మాటను కాగితం మీద పెట్టాలంటె దాదాపు ఒక పేజీ అయితది. 150 పేజీలు చేత్తోటి రాయమంటె ఏ సారూ రాయడు, రాయలేడు కూడ. రెండు నిమిషాల గొంతు ఫైలు ఒక ఫోటో కన్న చిన్నగ ఉంటది. తండాల సిగ్నల్ సక్కగ రాని కాడ సుట దిగుతది.

బయటి లోకం ఏం చూసింది

ఇది నేను కొత్తగ కనిపెట్టింది కాదు. 2007ల అమెరికాల ఫిలిప్ ఐస్, ఆయన తోటివాళ్లు ఆన్‌లైన్ విద్యార్థులకు రాత బదులు గొంతుతోటి వ్యాఖ్యలు ఇచ్చి చూసిండ్రు. సారు మమ్ముల పట్టించుకుంటుండు అన్న భావన పిల్లలకు గొంతులనే ఎక్కువ కలిగింది. చెప్పిన దాన్ని పనిల పెట్టుడు సుట గొంతు విన్నప్పుడే ఎక్కువ కనపడ్డది. ఇంగ్లండ్‌ల లీడ్స్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీల బాబ్ రోథరమ్ నడిపిన 'సౌండ్స్ గుడ్' అనే పని 2008ల మొదలైంది. సార్ల చేతికి చిన్న రికార్డర్లు ఇచ్చి, మాట్లాడి పంపమన్నరు. ఇంగ్లండ్‌లనే నర్సింగ్ విద్యార్థులతోటి చేసిన ఒక పరిశీలన 2013ల అచ్చయింది. ఎక్కువ మందికి నచ్చింది, మా కోసమే చెప్పినట్టుంది అన్నరు. కొందరు మాత్రం గొంతు వినాలంటె భయమైతది, రాతనే నయం అన్నరు.

ఆ కొందరిని మరువొద్దు. అందరికీ గొంతే మందు అని నేను అంటలేను. ఇంకో నిజం సుట చెప్పాలె. ఈ పరిశోధనలల్ల ఎక్కువ శాతం పిల్లలకు నచ్చిందా లేదా అన్న దాని మీదనే ఉన్నయ్. చేతి పని ఎంత మెరుగైంది అన్న దాని మీద రుజువు తక్కువ. నచ్చుడు వేరు, నేర్సుడు వేరు. కాని నచ్చని దాన్ని పిల్లలు విననే వినరు, వినని దానితోటి నేర్సుకునేది ఏం లేదు. మొదటి మెట్టు ఎక్కనిది రెండో మెట్టు రాదు గదా.

1988ల రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడి పిల్లల మీద చేసిన పని ఇక్కడ పనికొస్తది. ఒక గుంపుకు మార్కులు ఇచ్చింది, ఒక గుంపుకు వ్యాఖ్యలు ఇచ్చింది, ఒక గుంపుకు రెండూ ఇచ్చింది. వ్యాఖ్యలు మాత్రమే అందినోళ్లు బాగుపడ్డరు. రెండూ అందినోళ్లు మార్కు చూసి వ్యాఖ్యను ఇడిసిపెట్టిండ్రు. మనకు పాఠం ఏందంటె, గొంతు పంపిన నాడు దాంతోటి మార్కు పంపొద్దు. ముందు మాట విననియ్యాలె. మార్కు తర్వాత సంగతి.

కాళోజీ పేరు మీద ఉన్న యూనివర్సిటీ

ఇగ అసలు ముచ్చటకు వస్త. సూర్యాపేట కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉంది? వరంగల్‌ల ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద. కాళోజీ ఎవరు? జనం మాట్లాడే మాటనే భాష అని బతుకంతా కొట్లాడిన మనిషి. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగ జరుపుకుంటున్నం. అసొంటి మనిషి పేరు ఒక డాక్టర్ల యూనివర్సిటీకి పెట్టుకున్నం. పట్టా మీద ఆయన పేరు ఉంది. వార్డుల ఆయన పోరాడిన భాషకు ఎంత జాగ ఉంది?

లాగ్‌బుక్ ఇంగ్లీషు. పరీక్ష ఇంగ్లీషు. రాసే ఫీడ్‌బ్యాక్ ఇంగ్లీషు. అది మార్చాలని నేను అంటలేను, ఆ చదువు దేశమంతా ఒకే తీరు ఉండాలె. కాని మాట్లాడే ఫీడ్‌బ్యాక్‌కు ఏ భాషల చెప్పాలన్న రూలు అడ్డం లేదు. తెలుగు మీడియంల చదివి వచ్చిన పిల్లకు ఇంగ్లీషుల రాసిన రెండు మాటలు అర్థం కాకపోతె అడగనీకి సిగ్గుపడ్తది. అదే సంగతి సిస్టర్ గొంతుల, వాళ్ల అమ్మ మాట్లాడే మాటల వస్తె నాలుగు సార్లు మళ్ల మళ్ల వింటది. ఎవరూ చూడరు, ఎవరూ నవ్వరు. రికార్డు చేసిన మాటకు ఉన్న పెద్ద సుగుణం ఇదే. అర్థం కాకపోతె వెనుకకు తిప్పుకోవచ్చు. మనిషిని వెనుకకు తిప్పలేం.

రెండో దిక్కు చూడండ్రి. సర్కారు మెడికల్ కాలేజీలల్ల 15 శాతం సీట్లు అఖిల భారత కోటాల పోతయ్. అంటె 150ల ఇరవై మందికి పైన బయటి రాష్ట్రాల నుంచి రావచ్చు. వాళ్లు మన వార్డుల నిలబడ్డప్పుడు రోగి ఏమంటడు? 'దమ్ము వస్తాంది సారూ', 'కాళ్లు గుంజుతున్నయ్', 'కండ్లు తిరుగుతున్నయ్', 'పానం తల్లడిల్లుతాంది' అంటడు. దమ్ము అంటె ఆయాసం అని పుస్తకంల ఉండదు. కోదాడ దాటితె ఆంధ్ర సరిహద్దు, ఆ దిక్కు యాస ఇంకో తీరు. మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే ముసలమ్మ లంబాడ భాషలనే నొప్పి చెప్పుకుంటది. 2019ల కొత్త చదువు మొదలుపెట్టినప్పుడు మొదటి నెల ఫౌండేషన్ కోర్సుల స్థానిక భాష నేర్పాలని పెట్టిండ్రు. ఒక నెలల భాష రాదు. ప్రతి వారం సారు గొంతుల 'ఆ అవ్వ గుంజుడు అన్నప్పుడు నువ్వు నొప్పి అని రాసినవ్, రెండూ ఒకటి కాదు, మళ్ల అడుగు' అని వింటె ఏడాదిల వస్తది. రోగి మాట సమజ్ కాని డాక్టరు ఎన్ని పుస్తకాలు చదివినా సగం చెవిటోడే.

మూడు ఊర్ల నడుమ ఒక తీగ

నర్సింగ్ చదువుల ఈ ఉపాయం ఇంకా ఎక్కువ పనికొస్తది. ఎందుకంటె మా పిల్లలు చదివేది ఒక కాడ, పని నేర్సుకునేది ఇంకో కాడ. ఒక ఊర్ల కాలేజీ ఉంటది, పోస్టింగ్ ఇంకో ఊరు దవాఖానల పడ్తది. ట్యూటర్ అన్ని వార్డులకు పోలేదు. పిల్ల చెయ్యి ఎట్ల తిరుగుతాందో చూసేది వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్. మార్కు ఏసేది కాలేజీల ట్యూటర్. చూసినామె చెప్పదు, చెప్పేటామె చూడలే. నడుమ పిల్ల నలుగుతది.

సిస్టర్‌కు రిజిస్టర్లు రాసుడే సరిపోతది, ఇంకో కాగితం ఇస్తె అది డ్రాయర్‌ల పడ్తది. కాని డ్యూటీ మారేటప్పుడు ఒక నిమిషం మాట్లాడుమంటె ఏ సిస్టర్ కాదనదు. ఆ నిమిషం పిల్లకు పోతది, ట్యూటర్‌కు పోతది. ట్యూటర్ వారానికొకసారి విని, పిల్ల జవాబు విని, వచ్చే వారం ఏ పని మీద కూసోవాలో చూస్తది. ముగ్గురి నడుమ ఒక తీగ పడ్తది. బిల్డింగు అవసరం లేదు, టెండర్ అవసరం లేదు.

జాగ్రత్తలు లేకుంటె ఇదే ఉరితాడు

మంచి చెప్పినంక చెడు సుట చెప్పాలె. రికార్డు అయిన మాట ఫార్వర్డ్ అయితది. ఒక పిల్ల తప్పు గురించి చెప్పిన గొంతు క్లాస్ గ్రూపుల పడ్డదనుకోండ్రి, ఆమె బతుకు బజార్ల పడ్డట్టే. వార్డుల మైకు తిట్టు పది మందికి వినపడితె, ఈ మైకు వెయ్యి మందికి వినపడుతది. ఇంకోటి, సిస్టర్ మాటల రోగి పేరు, రోగం పేరు వచ్చిందనుకోండ్రి, ఊర్ల అందరూ ఒకరికొకరు తెలిసిన ఈ మూడు పట్నాలల్ల అది ఎంత దూరం పోతదో చెప్పొచ్చే పని లేదు. ఆడపిల్లల ఫోన్ నంబర్లు సార్ల సొంత ఫోన్లల్ల ఉండుడు, రాత్రి పూట గొంతులు పంపుకునుడు కూడ మంచి పద్ధతి కాదు. 2023ల వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. గొంతు సుట డేటానే.

అందుకే కొన్ని షరతులు లేకుంట ఇది మొదలు పెట్టొద్దు. సొంత వాట్సాప్‌ల కాదు, కాలేజీ నడిపే జాగలనే గొంతులు ఉండాలె. ఆ పిల్ల, చెప్పినోళ్లు, ట్యూటర్ తప్ప వేరే వాళ్లు వినొద్దు. రోగి పేరు, ఊరు, మంచం నంబరు నోట్లకెళ్లి రావొద్దు. రోగి మంచం కాడ రికార్డు చేయొద్దు, పక్కకు వచ్చినంక చెప్పాలె. సెమిస్టర్ అయినంక చెరిపేయాలె. ఒక్క మాట గట్టిగ రాసుకోవాలె: ఈ గొంతులు నేర్పనీకే గని శిక్ష ఏయనీకి కాదు. రేపు క్రమశిక్షణ కమిటీ ముంగట ఇదే సాక్ష్యం అయితదంటె సిస్టర్ నిజం చెప్పదు, పిల్ల జవాబు ఇయ్యదు. వినికిడి లోపం ఉన్న పిల్లకు, గొంతు వద్దు రాత కావాలనే పిల్లకు రాతనే ఇయ్యాలె. ప్రతి గొంతు విన్నంక పిల్ల తన మాటల మూడు వరుసలు లాగ్‌బుక్కుల రాసుకోవాలె. గొంతు చెరిగిపోయినా ఆ మూడు వరుసలు ఉంటయ్.

సార్ల దిక్కు నుంచి ఒక భయం వస్తది. 'నా మాట రికార్డు అయితె రేపు నా మీదికే వస్తది' అంటరు. నేను దాన్ని మంచి భయం అంట. మాట మిగులుతదని తెలిసినోడు మాట చూసి ఆడుతడు. రోగి ముంగట 'నీకు ఎవడు సీటిచ్చిండు' అని అరిచే నోరు, రికార్డు బటన్ ఒత్తినంక అరువదు. పిల్ల చేసిన పని మీద మాట్లాడుతది, పిల్ల పుట్టుక మీద మాట్లాడదు. ఈ ఒక్క లాభం కోసమన్నా ఇది చేయొచ్చు. రిజర్వేషన్ మీద వచ్చిన పిల్లలు, ఇంట్ల మొదటిసారి చదువుకున్న పిల్లలు వార్డుల ఏ మాటలు పడ్తరో పడ్డోళ్లకే తెలుసు.

ఇంకొందరు అంటరు, ఎదురుంగ కూసోని చెప్పుడే గొప్పది, ఈ యంత్రం మాట ఎందుకని. నిజమే. ఎదురుంగ కూసోని పది నిమిషాలు చెప్పే సారు ఉంటె ఆయనకు దండం పెట్టి ఈ వ్యాసం పక్కకు పెట్టుండ్రి. కాని ఇయ్యాల పిల్లల ముంగట ఉన్నది ఆ పది నిమిషాలు కాదు, ఖాళీ గడిల పెట్టిన పొట్టి సంతకం. ఏమీ లేని కాడ రెండు నిమిషాలు వస్తె అది వెయ్యి రెట్లు నయం. సార్ల కొరతకు ఇది మందు కాదన్నది సుట గుర్తుంచుకోవాలె. పోస్టులు నింపకుంట, 'ఫోన్ల చెప్పుకోండ్రి' అని సర్కారు చేతులు దులుపుకుంటె దాన్ని ముందుగ ఎదిరించేది నేనే. ఉన్న సార్ల నోట్ల మాట పిల్ల చెవి దాక చేరనీకే ఈ ఉపాయం. లేని సారును ఇది పుట్టించదు.

ఎవరు మొదలు పెట్టాలె

ప్రతి మెడికల్ కాలేజీల సార్లకు పాఠం చెప్పుడు నేర్పే మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ ఒకటి ఉండాలె. ఫీడ్‌బ్యాక్ ఎట్ల ఇయ్యాలో సార్ల ట్రైనింగ్‌ల ఉన్న పాఠమే. సూర్యాపేటల ఆ యూనిట్ ఒక్క డిపార్ట్‌మెంట్‌ల, ఒక్క పోస్టింగ్‌ల, మూడు నెలలు చేసి చూడొచ్చు. కోదాడ, మిర్యాలగూడ వార్డులల్ల పోస్టింగ్ చేసే నర్సింగ్ పిల్లలను రెండు బ్యాచ్‌లుగ చూడొచ్చు. ఒక బ్యాచ్‌కు మామూలు తీరుగ, ఒక బ్యాచ్‌కు గొంతు తీరుగ. మూడు నెలలైనంక ఇద్దరి చేత బీపీ చూపియ్యాలె, చేతులు కడిగియ్యాలె, రోగి ముచ్చట వినిపియ్యాలె. 1975 నుంచి లోకం నడుపుతున్న ఓస్కీ పరీక్ష ఉండనే ఉంది, స్టేషన్‌కొక పని పెట్టి చూసుడు. ఎవరు ఎవరో తెల్వని పరీక్షకులు చూడాలె. నచ్చిందా అని అడుగుడు కాదు, వచ్చిందా అని చూడాలె. బయటి లోకం సరిగ తేల్చని ప్రశ్నకు జవాబు మన మూడు ఊర్లకెళ్లి పోతె తప్పేముంది?

తేలినంక కాళోజీ పేరున్న యూనివర్సిటీ ఒక పని చేయాలె. లాగ్‌బుక్కుల 'అందింది' అన్న గడి పక్కన ఇంకో గడి పెట్టాలె. 'ఏం విన్నవ్, దాని తర్వాత ఏం చేసినవ్' అని. దాంట్ల పిల్ల తెలుగుల రాసుకున్నా చెల్లాలె. ఆ గడి నింపాలంటె ఎవరో ఒకరు ఆ పిల్లతోటి మాట్లాడక తప్పదు.